పెక్కు డిస్కులు, ఒకే నిల్వ

పన్నుల లెక్కలు, జనన మరణముల పట్టికలు నేడు కంప్యూటరులలో భద్రపరచబడుచున్నవి. ఒక డిస్కు నిండినప్పుడు మరియొకటి చేర్చి, రెంటిని ఒకే నిల్వగా వాడుకొను ఏర్పాటు కలదు. దీనిని లాజికల్ వాల్యూమ్ మేనేజ్‌మెంట్ అందురు. లినక్స్ కొరకు దీనిని 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ రూపొందించెను. దీని పద్ధతిని ఇచట వివరింతుము.

రైతు మూడు గాదెలలో ధాన్యము పోసినను, కుంచముల లెక్కన ఒకే పద్దు వ్రాసికొనును కదా! అట్లే ప్రతి డిస్కును సమాన భాగములుగా విభజింతురు. లినక్స్‌లో సాధారణముగా ఒక్కొక్క భాగము 4 మెగాబైట్లు. ఈ భాగములన్నియు ఉమ్మడి రాశిలో చేరును. అందుండి కావలసినన్ని తీసి ఒక వాల్యూమును ఏర్పరతురు. ఏ భాగము ఏ డిస్కులో నున్నదో తెలుపు పట్టిక యుండును.

సమాచారమును పంచుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది, ఒక డిస్కు నిండిన పిదప మరియొకటి నింపుట. ఇందు చెడిన డిస్కులోని భాగము పోవును. రెండవది, చిన్న ముక్కలుగా చేసి అన్ని డిస్కులకును వంతులవారీగా పంచుట. ఇందు పని త్వరితమగును. కాని ఒక్క డిస్కు చెడినను నిల్వయంతయు నిరుపయోగమగును.

కావున పంచినంత మాత్రమున రక్షణ కలుగదని మనము గ్రహింపవలెను. ప్రతి భాగమును రెండు డిస్కులలో వ్రాయు ఏర్పాటును కోరవచ్చును. అయినను, పొరపాటున తుడిచివేసినది రెండుచోట్లను పోవును. అందుచే వేరొక తావున నకలు ఉంచుట తప్పనిసరి. యంత్రము కొనునపుడు సభ్యులు తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఒక డిస్కు చెడినచో మన పట్టికలు ఏమగును?