హై రిస్క్ అంటే ఎంత రిస్కు?

ఏమ్మా, డబుల్ మార్కర్ రిపోర్టులో 1:200 అనీ, పక్కన 'హై రిస్క్' అనీ చూసి రాత్రంతా నిద్రపోలేదట! ఆ కాయితం ఇలా ఇవ్వు, లెక్క చూద్దాం. ఇలాంటి రిపోర్టే వచ్చిన 200 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చని దీని భావం. మిగతా 199 మందికీ ఉండదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో 21వ నంబరు క్రోమోజోమ్ రెండు కాక మూడు ఉంటాయని 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు. చాలామందిలో అండం తయారయ్యేటప్పుడు ఆ జంట విడిపోకపోవడమే కారణం. నువ్వు తిన్నదీ కాదు, గ్రహణం రోజు బయటికెళ్లినదీ కాదు. తల్లి వయసుతోపాటు ఈ అవకాశం పెరుగుతుంది. 20 ఏళ్లప్పుడు సుమారు 1500 కాన్పుల్లో ఒకటైతే, 40 ఏళ్లప్పుడు 100లో ఒకటి.

మరి నీకు ఈ అంకె ఎలా వచ్చింది? 11 వారాలు నిండాక, 14వ వారం నిండేలోపు ఎన్‌టీ స్కాన్ చేస్తారు. బిడ్డ మెడ వెనక చర్మం కింద చేరిన నీరు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుస్తారు. ఆ తర్వాత ఆ నీరు ఇంకిపోతుంది, అందుకే అంత తొందర. నీ రక్తంలో మాయ నుంచి వచ్చే రెండు పదార్థాలను కూడా కొలుస్తారు. డౌన్ ఉంటే సాధారణంగా పాప్-ఎ తగ్గుతుంది, బీటా హెచ్‌సీజీ పెరుగుతుంది. వీటికి నీ వయసు కలిపి కంప్యూటర్ అంకె తేలుస్తుంది. నెలలు తప్పు లెక్కేస్తే ఈ అంకే మారిపోతుంది సుమా!

ఇప్పుడు అసలు లెక్క. వెయ్యిమంది గర్భిణుల్లో ఇద్దరి బిడ్డలకు డౌన్ ఉందనుకుందాం. ఈ పరీక్ష నూటికి 90 కేసుల్ని పట్టుకుంటుంది, కాబట్టి ఆ ఇద్దరూ దొరికారనే అనుకో. కానీ ఏమీ లేనివాళ్లలో కూడా నూటికి అయిదుగురిని 'హై రిస్క్' అంటుంది. అంటే ఇంకో 50 మంది! మొత్తం 52 మంది కంగారుపడితే నిజమైనవి రెండే. మబ్బు పట్టినప్పుడల్లా వాన పడదు కదమ్మా.

తర్వాతి మెట్టు ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ ముక్కలు తిరుగుతుంటాయని 1997లో డెన్నిస్ లో బృందం కనిపెట్టింది. పదో వారం దాటితే చేయించుకోవచ్చు, రక్తం ఇస్తే చాలు. డౌన్‌ను నూటికి 99 వరకు పట్టేస్తుంది. పొరపాటున 'ఉంది' అనడం వెయ్యికి ఒకటి మాత్రమే. అయినా మన వెయ్యిమందికీ చేస్తే నిజమైనవి రెండు, తప్పుడుది ఒకటి. ముగ్గురిలో ఒకరికి అబద్ధమే! పైగా ఆ ముక్కలు చాలావరకు మాయవి. మాయలో తేడా ఉండి బిడ్డ బాగానే ఉండొచ్చు.

అందుకే ఎన్ఐపీటీ పాజిటివ్ వచ్చినా దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నిర్ధారణకు రెండే దారులు. 11 వారాల తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్, 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీసే ఆమ్నియో. సన్నటి సూదితో, స్కాన్‌లో చూస్తూ చేస్తారు. అనుభవమున్న చేతుల్లో గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కూడా ఉండదు. ఉండదు కదా అని తీసిపారేసేదీ కాదు.

ఇంకోమాట. స్కాన్‌కి ముందు లింగం తెలుసుకోనని సంతకం పెట్టావే, అది 1994 చట్టం. ఎన్ఐపీటీలో తెలిసినా మన దేశంలో చెప్పరు. ఈ చట్టం సంగతి మీ అత్తగారి తరఫు వాళ్లకి నేను చెబుతాలే!

రేపు డాక్టరమ్మను మొదట ఇదడుగు: "ఈ పరీక్ష ఉందో లేదో తేలుస్తుందా, అవకాశం ఎంతో మాత్రమే చెబుతుందా?" తర్వాత, ఫలితం తెలిస్తే ఏం చేస్తామో మీ ఆయనా నువ్వూ మాట్లాడుకోండి. ఏమైనా బిడ్డను కంటామనుకుంటే సూది వద్దనుకోవచ్చు, ముందే తెలిస్తే సిద్ధపడతామనుకుంటే చేయించుకోవచ్చు. రెండూ సబబైన నిర్ణయాలే, తీసుకోవాల్సింది మీరిద్దరే.