ఆయిలర్ పరీక్షించిన సంఖ్య

రెండును ముప్పదియొక్క మారులు వేసి గుణించి, వచ్చిన లబ్ధమునుండి ఒకటి తీసివేసినచో 2,14,74,83,647 వచ్చును. ఇన్ని కోట్ల సంఖ్యను ఒకటియు, తానును తప్ప మరి యే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపజాలదు. అట్టిదానిని ప్రధాన సంఖ్య యందురు.

ఈ విధముగా నేర్పడు సంఖ్యలలో ఏవి ప్రధాన సంఖ్యలో తెలుపుచు 1644లో ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ ఒక పట్టికను ప్రకటించెను. ఘాతము ప్రధాన సంఖ్య కానిచో ఫలితమును ప్రధాన సంఖ్య కానేరదు. అయినను ఘాతము ప్రధాన సంఖ్యయైనంత మాత్రమున చాలదు. రెండును పదునొకండు మారులు గుణించి ఒకటి తీసినచో 2047 వచ్చును. అది 23, 89ల లబ్ధమే. మెర్సెన్ 31ని పట్టికలో చేర్చెను గాని నిరూపణ చూపలేదు. ఆ పట్టికలోనే యున్న 67, 257 తప్పులని తరువాత తేలినది. కావున మాట నమ్మి ఊరకుండుటకు వీలులేదు.

నిరూపించుట యెట్లు? వర్గమూలమునకు లోబడిన ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూచిన చాలును. వర్గమూలమునకు మించిన భాజకమొకటి యున్నచో, దాని జత భాజకము ఆ లోపలనే యుండితీరవలెను గదా! ఇచ్చట వర్గమూలము 46,340 పైచిలుకు. ఆ లోపల 4,700కు మించిన ప్రధాన సంఖ్యలు గలవు. అన్ని భాగహారములు చేతితో చేయుట సామాన్యమైన పని కాదు.

సెంట్ పీటర్స్‌బర్గు నగరమున నివసించుచుండిన ఆయిలర్ 1772లో ఈ నిరూపణను తెలియజేసెను. అప్పటికే ఆయన కన్నులు దాదాపుగా చూపును కోల్పోయినవి. ఆయన శ్రమను తగ్గించినది యుక్తియే. ఈ సంఖ్యకు ప్రధాన భాజకమేదైన నున్నచో, దానిని 62చే భాగించినప్పుడు 1, 8చే భాగించినప్పుడు 1 గాని 7 గాని శేషము రావలెను. రెండు నియమములను కలిపినచో, 248చే భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగులవలెను. ఇక మిగిలిన సంఖ్యలు బహు కొద్ది. మొదట పరీక్షింపవలసినది 311, శేషము 35. పిదప 1303, 1489. ఇట్లు తుదివరకు పోయినను ఒక్కటియు భాగింపలేదు.

తన భాజకములలో తాను తప్ప మిగిలినవాటి మొత్తమునకు సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య యందురు. 1, 2, 4, 7, 14 కలిపిన 28 వచ్చును. ఆయిలర్ సంఖ్యను, రెండును ముప్పది మారులు గుణించిన లబ్ధముతో హెచ్చించినను పరిపూర్ణ సంఖ్యయే లభించును. ఇట్టివి వింతలే గాని ఉపయోగపడవు గనుక ఇంతకంటె పెద్దదానిని ఎవరును వెదకబోరని 1811లో ఆంగ్ల గణితవేత్త బార్లో వ్రాసెను. తొందరపడి పలికిన మాట! 1876లో లూకా అను ఫ్రెంచి పండితుడు ఘాతము 127 గల ముప్పదితొమ్మిది అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించెను.

ముప్పదిరెండు బిట్లలో ఋణ, ధన సంఖ్యలను రెంటిని నిలుపు కంప్యూటరుకు ఆయిలర్ సంఖ్యయే మిక్కిలి పెద్ద సంఖ్య. అట్టి యంత్రములు పెక్కు 1970 జనవరి 1 మొదలు సెకండ్లను లెక్కించుచు కాలమును గుర్తించును. వాటి లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానమున ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు ఈ సంఖ్యను చేరును. సవరింపని యంత్రమున మరుసటి సెకండు ఋణ సంఖ్యగా మారి, తేదీ 1901కి వెనుకకు పోవును.