పాట కడదాం, పాడదాం, తీగ మీటుదాం



మీలో ఎంతమందికి పాటలు వచ్చు?

మా రాత్రి బడిలో ఒకరోజు నేను ఈ మాట అడిగాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

"మాకు పాటలెక్కడివి టీచరమ్మా! పాటలు సినిమా వాళ్ళకి కదా" అన్నారు.

"సరే. నాట్లు వేసేటప్పుడు ఏం చేస్తారు?"

"పాడతాం."

"పసిబిడ్డ ఏడిస్తే?"

"జోల పాడతాం."

"పెళ్ళిలో వియ్యపురాలిని ఆట పట్టించాలంటే?"

అందరూ ఒకేసారి నవ్వారు. ఆ పాటలు ఒకటా, రెండా! అన్నీ నోటికి వచ్చినవే. కానీ వాటిని పాటల లెక్కలో వేసుకోలేదు. అక్షరం రాకముందు మనకేమీ తెలియదు అనుకున్నాం కదా! ఇదీ అంతే.

ఈ పాఠంలో మూడు పనులు నేర్చుకుందాం. పాట కట్టడం. గొంతు విప్పి పాడడం. గిటార్ అనే తీగ వాయిద్యం మీటడం. కచేరీలు చేయడానికి కాదు. మన సంతోషానికి, మన మాట నలుగురికి చెప్పడానికి.

పెద్దమ్మ నోటుపుస్తకం

ముందు ఒక సంగతి చెబుతాను. అది నా తప్పు.

మా రాత్రి బడికి ఒక పెద్దమ్మ వచ్చేది. అరవై ఏళ్ళు దాటాయి. నాట్ల పాట ఎత్తిందంటే చేలో అందరూ అందుకునేవారు. "పెద్దమ్మా, నీ పాటలు రాసుకుంటాను" అన్నాను. "ఇప్పుడు వద్దు. నాకు అక్షరాలు వచ్చాక నేనే రాస్తాను" అంది. నాకు ఆ మాట నచ్చింది. ఆగాను.

ఆమె పేరు రాయడం నేర్చుకుంది. ఊరి పేరు రాసింది. గుణింతాలు దాటింది. ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి వానాకాలం వచ్చింది. జ్వరం పడింది. మళ్ళీ లేవలేదు.

దినం అయిపోయాక కోడలు ఆమె నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. చివరి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో ఒక పాట మొదలుపెట్టి ఉంది. రెండు వరసలే ఉన్నాయి. మూడో వరసలో ఒక్క మాట. అంతే.

పాట వరస, అంటే ట్యూను, మాకు మిగిలింది. అందరి గొంతులోనూ ఉంది కాబట్టి. మాటలు చాలావరకు పోయాయి. ఆమె ఒక్కదానికే తెలుసు కాబట్టి. వారానికి ఒక్క పాట నేను రాసుకున్నా యాభై పాటలు మిగిలేవి.

అందుకే చెబుతున్నాను. అక్షరం వచ్చిన చేతికి ఇది మొదటి పని.

పాట కట్టడం ఎలా?

తాళ్ళపాక తిమ్మక్క పేరు విన్నారా? ఆమె అన్నమయ్య భార్య. ఐదు వందల ఏళ్ళకు పైబడిన మాట. ఆమె 'సుభద్రా కళ్యాణం' అనే కావ్యం రాసింది. అందరూ పాడుకునే వీలున్న ద్విపదలో రాసింది. తెలుగులో మనకు తెలిసిన మొదటి కవయిత్రి ఆమే అంటారు. కాబట్టి ఆడవాళ్ళు పాట కట్టడం కొత్త కాదు.

పెద్దమ్మ కోడలికి ఒక కూతురు ఉంది. ఏడో తరగతి అయింది. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. బస్సు లేదు. దారిలో వాగు ఉంది. "ఇక చాలు, మాన్పించేద్దాం" అని ఇంట్లో మాట. ఆ అక్కకు మాన్పించడం ఇష్టం లేదు. నోరు తెరిచి చెప్పలేదు. "దీని మీద పాట కడదామా అక్కా?" అన్నాను. అందరం కలిసి కూచున్నాం. ఐదు మెట్లు ఎక్కాం.

ఒకటి: వరస వెతకండి. కొత్త ట్యూను కట్టనక్కరలేదు. తెలిసిన వరస తీసుకోండి. మేము పెద్దమ్మ నాట్ల పాట వరస తీసుకున్నాం.

రెండు: ఒక్క సంగతే తీసుకోండి. నీళ్ళు, కూలీ, చదువు అన్నీ ఒకే పాటలో కుక్కితే ఏదీ మనసుకు ఎక్కదు. మేము బడి దారి మాత్రమే తీసుకున్నాం.

మూడు: మామూలుగా ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి. ఆ అక్క అంది, "బడికి పోయే దారి చాలా పొడుగు. కానీ అడుగేస్తే తరుగుద్ది కదా." అదే పల్లవి అయింది. పల్లవి అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే వరసలు. తర్వాత వచ్చేవి చరణాలు.

నాలుగు: చప్పట్లతో తూచండి. నోటితో "తకిట తకధిమి" అనండి. మూడు, నాలుగు. మొత్తం ఏడు దెబ్బలు. మాట ఈ తూకంలో ఇమడాలి. "చాలా పొడుగు" అంటే తూకం తప్పింది. "పొడుగే" అంటే సరిపోయింది. ఎక్కువైన మాటను తీసేయండి. తక్కువైతే అక్షరం సాగదీయండి.

ఐదు: రాయండి. గట్టిగా పాడండి. నాలుక తట్టుకున్న చోట మార్చండి. మళ్ళీ రాయండి.

మూడు రాత్రులు పట్టింది. చివరికి ఈ పాట తేలింది:

బడికి పోయే దారి పొడుగే కూతురా
అడుగు వేస్తే దారి తరిగే కూతురా

వాన వస్తే వాగు పొంగే కూతురా
వెంట నేనే చేయి పడతా కూతురా

వేలిముద్రలు నాటి మాటే కూతురా
పేరు రాసే చెయ్యి నాదే కూతురా

మొదటి రెండు వరసలు చూడండి. "బడికి", "అడుగు". రెండింటిలోనూ రెండో అక్షరం 'డ' గుణింతమే. దీన్ని ప్రాస అంటారు. మేము కావాలని వెతకలేదు. పాడుతుంటే అదే వచ్చి కూచుంది. ప్రతి వరస చివర "కూతురా" వస్తుంది. బతుకమ్మ పాటలో "ఉయ్యాలో" వచ్చినట్టు. ఆ మాట అందరూ అందుకోవచ్చు. పాట రాని వాళ్ళు కూడా గొంతు కలపవచ్చు.

గొంతు విప్పడం

మన గొంతులో రెండు చిన్న పొరలు ఉంటాయి. వాటిని స్వరతంతువులు అంటారు. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు అవి అదురుతాయి. ఆ అదురే మన స్వరం. ఆడవాళ్ళు మాట్లాడేటప్పుడు అవి సెకనుకు ఇంచుమించు 200 సార్లు అదురుతాయి. అంత చిన్న పొరలకు అంత పని! అందుకే వాటిని జాగ్రత్తగా చూసుకోవాలి.

నిటారుగా కూచోండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. గాలి పీల్చితే పొట్ట ముందుకు రావాలి. భుజాలు లేవకూడదు. ఆ గాలిని కొంచెం కొంచెంగా వదులుతూ పాడండి. మన పాటలో "కూతురా" తర్వాత రెండు దెబ్బల ఖాళీ ఉంటుంది. అక్కడ ఊపిరి తీసుకోండి.

పాడే ముందు నోరు మూసుకుని "మ్..." అని కాసేపు కూనిరాగం తీయండి. అప్పుడు గొంతు వేడెక్కుతుంది. మంచినీళ్ళు తాగుతూ ఉండండి. అరవకండి. గట్టిగా పాడడం వేరు, అరవడం వేరు. గొంతు బొంగురుపోతే రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

శ్రుతి అంటే ఏమిటి? పాటకు ఆధారంగా నిలబడే ఒకే స్వరం. తంబురా మోగుతూ ఉంటుందే, అది శ్రుతి ఇస్తుంది. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కి ఉంచినా చాలు. గిటార్ తీగ ఒకటి మీటినా చాలు. దాన్ని వింటూ పాడితే పాట పట్టు తప్పదు.

గిటార్ మనదేనా?

నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా ఒకరు వాడిన గిటార్ కొన్నాను. "ఆడపిల్లకి ఇదెందుకు?" అన్నవాళ్ళు ఉన్నారు. "దొరల వాయిద్యం మనకెందుకు?" అన్నవాళ్ళూ ఉన్నారు.

నిజమే. గిటార్‌కు ఇప్పటి రూపం స్పెయిన్ దేశంలో వచ్చింది. 19వ శతాబ్దంలో ఆంటోనియో డి టోర్రెస్ అనే ఆయన దాన్ని తీర్చిదిద్దాడు. ఆయన వడ్రంగం నేర్చినవాడు. కానీ మన భజనల్లో, నాటకాల్లో మోగే హార్మోనియం ఎక్కడిది? అదీ యూరపు నుంచి వచ్చిందే. కచేరీలో వయొలిన్ కూడా అంతే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్ మీద మన త్యాగరాజ కీర్తనలు వాయించాడు. 2014లో కన్నుమూశాడు. దేశదేశాల వాళ్ళు ఆయన్ని మాండొలిన్ శ్రీనివాస్ అని పిలిచారు. వాయిద్యం ఎక్కడ పుడితేనేం! దాని మీద మన పాట పలికితే అది మనదే.

గిటార్ అంటే బోలుగా ఉండే చెక్క పెట్టె. మధ్యలో గుండ్రటి రంధ్రం. పైన ఆరు తీగలు. తీగ ఒక్కటే మోగితే చప్పుడు సన్నగా ఉంటుంది. దాని అదురు పెట్టెకు పాకుతుంది. లోపలి గాలి కూడా అదురుతుంది. అప్పుడు చప్పుడు పెద్దదవుతుంది.

ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ జమిడిక చూశారా? తీగ బిగిస్తే స్వరం పైకి పోతుంది. వదులు చేస్తే కిందికి వస్తుంది. గిటార్‌లో ఈ పని బిరడలు చేస్తాయి. ఇంకో కిటుకు ఉంది. తీగను మధ్యలో నొక్కితే మోగే భాగం పొట్టిదవుతుంది. పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. ఎక్కడ నొక్కాలో చూపడానికి వీణకు ఉన్నట్టే మెట్లు ఉంటాయి. 12వ మెట్టు దగ్గర నొక్కితే తీగ సరిగ్గా సగమవుతుంది. అప్పుడు కింది 'స' పోయి పై 'స' పలుకుతుంది.

లావు తీగ నుంచి సన్న తీగ దాకా పేర్లు ఇవి: ఇ, ఎ, డి, జి, బి, ఇ. కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. రేషన్ కార్డు కాదు సుమా! మొదట మూడు కార్డ్‌లు వస్తే చాలు: జి, సి, డి. 'జి'ని మనం 'స' అనుకుంటే 'సి' మధ్యమం, 'డి' పంచమం. ఈ మూడింటితో చాలా పాటలకు తోడు వాయించవచ్చు.

ఎడమ చేతి వేళ్ళతో తీగలు నొక్కాలి. కుడి చేత్తో మీటాలి. కొత్తలో వేళ్ళ కొసలు మండుతాయి. నాకు రెండు వారాలు అన్నం కలుపుకుంటున్నా, సుద్దముక్క పట్టుకున్నా ఆ మంట గుర్తొచ్చేది. తర్వాత వేళ్ళకు కాయలు కాచాయి. నొప్పి పోయింది.

ఒకరోజు పెద్దమ్మ కోడలు గిటార్ ఒళ్ళో పెట్టుకుంది. తీగ నొక్కింది. "నొప్పిగా ఉందా అక్కా?" అన్నాను.

"దీనికేం నొప్పి టీచరమ్మా!" అని చెయ్యి చాపి చూపించింది.

కలుపు తీసి, కొడవలి పట్టి ఆమె వేళ్ళకు ఎప్పుడో కాయలు కాచాయి. నాకు రెండు వారాలు పట్టింది ఆమెకు ముందే ఉంది! మిగిలింది వేలు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడమే.

రోజూ పావుగంట

వారానికి ఒకసారి రెండు గంటలు కూచోవడం కన్నా రోజూ పావుగంట మేలు. ఐదు నిమిషాలు గొంతు. ఐదు నిమిషాలు తీగ లేదా తాళం. ఐదు నిమిషాలు పాట. గిటార్ లేదా? కొననక్కరలేదు. డప్పు, చిడతలు, కోలాటం కర్రలు, చివరికి బోర్లించిన బిందె అయినా తాళానికి సరిపోతుంది.

పాట ఏం చేస్తుంది?

మేము ఆ పాటను రచ్చబండ దగ్గర పాడాం. అక్క గొంతు మొదట వణికింది. రెండోసారి పల్లవికి వచ్చేసరికి మిగతా వాళ్ళు "కూతురా" అని అందుకున్నారు. ఆమె గొంతు నిలబడింది. పెద్దమ్మ వరస విని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

పాట పాడితే బస్సు రాలేదు. వాగు మీద వంతెన రాలేదు. కానీ ఆ పిల్లను బడి మాన్పించే మాట ఆగింది. వాన రోజుల్లో తల్లులు వంతులు వేసుకున్నారు. రోజుకు ఇద్దరు వెళ్ళి ఆడపిల్లలను వాగు దాటిస్తున్నారు. నీళ్ళు ఎక్కువగా ఉన్న రోజు ఎవరినీ దిగనివ్వరు. వంతెన కావాలని అర్జీ కూడా రాశారు. కింద వేలిముద్ర ఒక్కటి లేదు. అన్నీ సంతకాలే.

నెల్లూరు జిల్లా దూబగుంట కథ మీరు వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్కడ చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా వద్దన్నారు. ఊరూరా కదిలారు. ఆ ఉద్యమంలో పాట కూడా నడిచింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. పాట ఒక్కటే ఆ పని చేయలేదు. నలుగురిని ఒకచోటికి తెచ్చింది. భయం పోగొట్టింది.

అక్కలారా! ఈ రాత్రి ఒక పని చేయండి. మీ అమ్మ పాడిన పాట ఒకటి గుర్తు చేసుకోండి. సెల్‌ఫోనులో రికార్డు చేయగలిగితే చేయండి. కానీ ఫోను పాడైతే పాట పోతుంది. పుస్తకంలో కూడా రాయండి. తప్పులు ఉంటే ఉండనీయండి. తప్పులు దిద్దుకోవచ్చు. పోయిన పాటను దిద్దుకోలేం.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఎక్కువ పాటలు వచ్చిన పెద్దావిడ ఎవరు? ఆమె పాటలు ఎవరైనా రాశారా?
2. పల్లవి అంటే ఏమిటి? చరణం అంటే ఏమిటి?
3. తీగ పొట్టిదైతే స్వరం పైకి పోతుందా, కిందికి వస్తుందా?

చేయండి

"కూతురా" పాటకు ఇంకో రెండు వరసలు కట్టండి. "తకిట తకధిమి" అని తూచి చూడండి. రాసి, వచ్చే వారం బడిలో పాడండి.