చెయ్యి ఏది, ఎలుక ఏది?
పెంపుడు పాములు నేర్చుకొనే పాఠం

పాము పగబడుతుందనీ, పన్నెండేళ్ళయినా మరచిపోదనీ మన పల్లెల్లో పెద్దలు చెబుతారు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి చేతులు జోడించడంలో భక్తి ఎంత ఉన్నదో, ఆ జ్ఞాపకశక్తి పట్ల భయమూ అంతే ఉన్నది. ఆ పెద్దలే అమెరికాలోని కూతురింటికి వచ్చి, మనవడి గదిలో అద్దాల పెట్టెలో చుట్ట చుట్టుకొని ఉన్న కార్న్ పామును చూస్తే నిర్ఘాంతపోవడం సహజం. "అమ్మమ్మా, దీనికి నేనెవరో తెలుసు. మూత తీయగానే నా దగ్గరకు వచ్చేస్తుంది" అంటాడు మనవడు గర్వంగా.

అమ్మమ్మ దృష్టిలో పాముకు పగ తెలుసు. మనవడి దృష్టిలో దానికి ప్రేమ తెలుసు. ఈ రెండింటిలో ఏది నిజం? ఇది కేవలం కాలక్షేపానికి వేసుకొనే ప్రశ్న కాదు. వారానికొకసారి ఆ పెట్టెలోకి వెళ్ళేది ఒక పసివాడి చెయ్యి.

నాలుకతో వాసన

పాము ప్రపంచం ప్రధానంగా రసాయనాల ప్రపంచం. మాటిమాటికీ బయటకు వచ్చే దాని నాలుక రుచి చూడడానికి కాదు, గాలిలోను నేలమీద ఉన్న అణువులను అంటించుకొని లోపలికి తేవడానికి. నోటి పైకప్పులో ఉన్న జాకబ్సన్ అవయవం ఆ అణువులను గుర్తుపట్టి మెదడుకు వార్త పంపుతుంది. నాలుక చివర రెండుగా చీలి ఉండడంలో కూడా ఒక ప్రయోజనం ఉన్నది. ఒకేసారి రెండు చోట్ల వాసన పట్టి, ఏ వైపు గాఢంగా ఉన్నదో పోల్చుకొని, పాము ఆ వైపుకు తిరుగుతుందని కర్ట్ ష్వెంక్ అనే శాస్త్రజ్ఞుడు 1994లో వివరించాడు.

ఈ జ్ఞానంలో కొంత పుట్టుకతోనే వస్తుంది. టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ బర్గార్ట్, అంతవరకు ఏ ఆహారమూ ఎరుగని గార్టర్ పాము పిల్లల ముందు వానపాముల సారంలో ముంచిన దూదిని ఉంచి చూశాడు. అవి వడివడిగా నాలుక ఆడించి దూదినే కరవబోయాయి. తల్లి నేర్పకుండానే వాటికి తమ ఆహారపు వాసన తెలుసునన్నమాట.

అనుభవం నేర్పేది

అయితే పుట్టుకతో వచ్చినదానికి పాము అనుభవాన్ని జోడించుకోగలదా? జోడించుకోగలదని ప్రయోగాలు చెబుతున్నాయి. 1973లో వెలువడిన ఒక పరిశోధనలో బర్గార్ట్, ఆయన సహచరులు గార్టర్ పాములకు ఇష్టమైన ఆహారం పెట్టి, అటుపిమ్మట లిథియం క్లోరైడ్‌తో వాటికి అస్వస్థత కలిగించారు. ఆపైన ఆ పాములు ఆ ఆహారం పట్ల విముఖత చూపాయి. తిన్న కొంతసేపటికి కలిగిన బాధను అవి ఆ ఆహారంతో ముడిపెట్టుకోగలిగాయి.

1999లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హోల్ట్స్‌మన్ కార్న్ పాములనే పరీక్షించాడు. ఒక పెద్ద తొట్టిలో అనేక రంధ్రాలు ఉంచి, ఒక్కదానిని మాత్రమే సురక్షితమైన దాగుచోటుకు దారి చేశాడు. మొదటిరోజు ఆ రంధ్రం కనుగొనడానికి సగటున 700 సెకండ్లకు పైగా తీసుకొన్న పాములు నాలుగవ రోజుకు సుమారు 400 సెకండ్లలోనే కనుగొన్నాయి. 2015లో ప్రచురితమైన మరొక ప్రయోగంలో, ఫ్లారిడా అడవుల్లో పట్టిన బర్మా కొండచిలువలు వెలిగే మీటను తలతో నొక్కితే ఆహారం దొరుకుతుందని నేర్చుకొన్నాయి. ప్రకృతిలో ఏ కొండచిలువా చేయని పని అది.

మరి పాములు మందబుద్ధులన్న పేరు ఎందుకు వచ్చింది? ఒక చిన్న లెక్క చూడండి. రోజుకు రెండుసార్లు తినే కుక్కకు ఏడాదిలో 700కు పైగా భోజనాలు, అన్ని పాఠాలు. వారానికొకసారి తినే పాముకు 52 మాత్రమే. పైగా అది శీతలరక్త ప్రాణి. చల్లగా ఉన్నపుడు దాని చలనమూ, జీర్ణక్రియా మందగిస్తాయి. తరగతులు తక్కువైన విద్యార్థిని మొద్దు అనడం న్యాయం కాదు.

పెట్టె మూత చెప్పే మాట

ఇప్పుడు మనవడి గదికి వద్దాం. ఆహారం పెట్టడానికి తప్ప మరెన్నడూ మూత తీయకపోతే, పాముకు మూత చప్పుడే భోజనపు గంట అవుతుంది. పావ్లోవ్ కుక్క గంట విని చొంగ కార్చిన తీరే ఇదీను. ఆ స్థితిలో లోపలికి వచ్చే వెచ్చని వస్తువు ఎలుకా, చెయ్యా అని పాము ఆలోచించదు. అంతకుముందే ఆ చెయ్యి ఎలుకను పట్టుకొని ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అలా పడిన కాటులో కోపం లేదు, పగ లేదు. సంకేతం తప్పింది, అంతే.

అందుచేతనే అనుభవజ్ఞులైన పెంపకందారులు రెండు సంకేతాలను వేరుచేస్తారు. పామును చేతిలోకి తీసుకొనేముందు కొక్కెంతోనో, చుట్టిన కాగితంతోనో దాని ఒంటిని మెల్లగా తాకుతారు. "ఈ రోజు భోజనం లేదు" అని దానికి అర్థం. భోజనం రోజున ఈ స్పర్శ ఉండదు; మంచు కరిగించిన ఎలుకను పొడుగాటి పట్టకారుతో అందిస్తారు. ఎలుకను ముట్టిన చేతిని సబ్బుతో కడగనిదే పామును ముట్టరు. ఈ పద్ధతి వారి అనుభవం నుండి పుట్టినదే అయినా, పై ప్రయోగాలు చూపిన అభ్యసన సూత్రాలకు చక్కగా సరిపోతుంది. అయితే ఇంటిలో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఒకరు తాకి, మరొకరు తాకక చెయ్యి పెడితే పాఠం చెడుతుంది.

ప్రేమా, పగా?

మనవడు చెప్పినదానిని పరీక్షించడం సులభం. అమ్మమ్మను మూత తీయమనాలి. "నన్ను చూచినా అలాగే వచ్చిందిరా నాయనా!" అని ఆమె అన్నదంటే, పాము గుర్తించినది మనవడిని కాదు, మూతను. ఒక పుస్తకంలో తేదీ, మూత తీసినవారు, తాకినదీ లేనిదీ, పాము ప్రవర్తన రాసుకొంటూ పోతే రెండు మూడు నెలల్లో పిల్లవాడికి స్వయంగా తెలుస్తుంది.

అమ్మమ్మ భయానికి కూడా జవాబు దొరికింది. బాధపెట్టినదానిని పాము నేర్చుకొనగలదన్నది నిజమే. కాని ఆ పాఠం గార్టర్ పాములకు నేర్పినది దూరంగా ఉండడమే. పగ తీర్చుకొనడానికి వెంటపడమని అది చెప్పలేదు.

పాము మనలను ప్రేమించనక్కరలేదు, ద్వేషించడమూ లేదు. మనం ఇచ్చే గుర్తులను అది ఓపికగా చదువుతుంది. ఆ గుర్తులను స్పష్టంగా ఇవ్వవలసిన బాధ్యత మాత్రం మూత తీసే చేతిదే.