మెయిల్ కింద ఆటోమేటిక్ సంతకం: థండర్‌బర్డ్, అవుట్‌లుక్‌లలో ఒక్కసారి సరిగ్గా సెట్ చేసుకోండి

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు కాస్తా 26 అయ్యాయి. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ, మడకశిర అప్పటిదాకా ఉన్న అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఆ ఊళ్లలో షాపు బోర్డులు మార్చారు, లెటర్‌హెడ్‌లు కొత్తగా ప్రింట్ చేయించుకున్నారు. కానీ అక్కడి నుంచి నాకు వచ్చే మెయిళ్లలో కొన్నింటి కింద ఇప్పటికీ పాత జిల్లా పేరే కనిపిస్తోంది. కొన్నింటి కింద అసలు ఏమీ ఉండదు, పేరు కూడా.

మెయిల్ సంతకం, అంటే సిగ్నేచర్, చాలామంది సీరియస్‌గా తీసుకోని సెట్టింగ్. దాన్ని ఒకసారి పెట్టేస్తే ప్రోగ్రామే ప్రతి మెయిల్ కిందా అతికిస్తుంది. సౌకర్యం అదే, ప్రమాదం కూడా అదే. సరైన ఫోన్ నంబర్ పెడితే వంద మెయిళ్లలో సరిగ్గా వెళ్తుంది, తప్పు పెడితే వంద మెయిళ్లలో తప్పుగా వెళ్తుంది.

మా ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడుతుంది. వేరుశనగ వేసే రైతుకు అదను అంటే కొన్ని రోజులే. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి విత్తనం కోసం సప్లయర్‌కి మెయిల్ పెట్టిందనుకోండి. ఆయనకు రకం మీదో, లోడు మీదో చిన్న డౌట్ వచ్చింది. ఫోన్ చేసి అడుగుదామంటే మెయిల్ కింద నంబర్ లేదు. తిరుగు మెయిల్ పెట్టాడు, ఇక్కడ దాన్ని చూసేసరికి రెండు రోజులు పోయాయి. పంటల బీమా మీద రాసే ఫిర్యాదుకైనా, బెంగళూరు నుంచి వచ్చే పట్టుచీరల ఆర్డర్‌కైనా ఇదే లెక్క.

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఎందుకు?

ఫోన్‌లో జీమెయిల్ ఉండగా ఇంకా థండర్‌బర్డ్, అవుట్‌లుక్ ఏంటని అడగొచ్చు. కరెంటు, నెట్ రెండూ నమ్మకంగా లేని చోట డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కి ఒక లాభం ఉంది. సింక్ చేసి పెట్టుకుంటే పాత మెయిళ్లు కంప్యూటర్‌లోనే ఉంటాయి. నెట్ లేనప్పుడు కూడా చదవొచ్చు, జవాబు రాసి అవుట్‌బాక్స్‌లో పెట్టొచ్చు, లైన్ వచ్చాక పంపొచ్చు. మొజిల్లా థండర్‌బర్డ్ 1.0 వచ్చింది 2004 డిసెంబర్‌లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉచితమే.

ఇక్కడే ఒక కన్ఫ్యూజన్ ఉంది. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పెట్టిన సంతకం థండర్‌బర్డ్ నుంచి పంపే మెయిళ్లకు రాదు. ఆ సంతకాన్ని అతికించేది జీమెయిల్ వెబ్ పేజీ, సర్వర్ కాదు. ఫోన్ యాప్‌లో మొబైల్ సిగ్నేచర్ అని ఇంకొకటి ఉంటుంది. అంటే ఒకే అడ్రస్‌కి మూడు చోట్ల మూడు సంతకాలు ఉండొచ్చు. నంబర్ మారితే మూడు చోట్లా మార్చాలి.

థండర్‌బర్డ్‌లో సెట్ చేయడం

1. పైన కుడివైపు మూడు గీతల మెనూ నొక్కి అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి.

2. ఎడమవైపు మీ మెయిల్ అకౌంట్ పేరు మీద క్లిక్ చేయండి. కుడివైపు 'సిగ్నేచర్ టెక్స్ట్' అనే పెట్టె వస్తుంది. అందులో మీ వివరాలు టైప్ చేయండి. మామూలు అక్షరాలు చాలనుకుంటే ఇంతే పని.

3. బోల్డ్ అక్షరాలు, లింకు కావాలంటే పక్కనున్న 'యూజ్ హెచ్‌టీఎంఎల్' టిక్ చేయాలి. అప్పుడు లైను మారే ప్రతిచోటా బీఆర్ ట్యాగ్ పెట్టాలి. పెట్టకపోతే పేరు, హోదా, అడ్రస్ అన్నీ ఒకే లైన్‌లో కలిసిపోతాయి.

4. ఎడమవైపు 'కంపోజిషన్ అండ్ అడ్రెసింగ్' తెరవండి. జవాబులకూ, ఫార్వర్డ్‌లకూ సంతకం వెళ్లాలా వద్దా అన్నది ఇక్కడే. రెండిటికీ వేర్వేరు టిక్‌లు ఉన్నాయి.

5. సంతకం ఎక్కడ పడాలన్నదీ ఇదే పేజీలో ఉంది. జవాబు పైన రాసే అలవాటు ఉంటే, సంతకాన్ని 'బిలో మై రిప్లై' అని పెట్టండి. లేకపోతే అవతలి వాళ్ల పాత మెయిల్ అంతా అయిపోయాక అట్టడుగున పడుతుంది. అక్కడిదాకా స్క్రోల్ చేసి ఎవరూ చూడరు.

కొత్త మెయిల్ తెరిచినప్పుడు సంతకానికి పైన రెండు అడ్డగీతలు కనిపిస్తాయి. అదేదో చెత్త అనుకుని చెరిపేయకండి. రెండు గీతలు, ఒక ఖాళీ: ఇక్కడి నుంచి సంతకం మొదలు అని మెయిల్ ప్రోగ్రామ్‌లకు చెప్పే పాత గుర్తు అది. థండర్‌బర్డ్‌లాంటి ప్రోగ్రామ్ అది చూస్తే, జవాబు రాసేటప్పుడు ఆ సంతకాన్ని కోట్ చేయకుండా వదిలేస్తుంది. మెయిల్ చేంతాడంత పొడవు పెరగకుండా ఉంటుంది.

అవుట్‌లుక్‌లో అయితే

క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్, సిగ్నేచర్స్ అనే వరుసలో వెళ్లాలి. 'న్యూ' నొక్కి పేరు పెట్టి, కింద వివరాలు రాయండి. చాలామంది ఇక్కడితో ఓకే కొట్టేసి, సంతకం రావట్లేదేంటని ఫోన్ చేస్తారు. అదే విండోలో డిఫాల్ట్ సిగ్నేచర్ భాగం ఉంటుంది. అక్కడ 'న్యూ మెసేజెస్'కి ఏది, 'రిప్లైస్/ఫార్వర్డ్స్'కి ఏది అని ఎంచితేనే ఆటోమేటిక్‌గా వస్తుంది.

కొత్త అవుట్‌లుక్‌లో అయితే సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్‌లో సిగ్నేచర్స్‌కి వెళ్లాలి. అక్కడా డిఫాల్ట్ ఎంచుకోవడం తప్పనిసరి.

కంప్యూటర్ ఫార్మాట్ చేయించే ముందు ఒక్క మాట. క్లాసిక్ అవుట్‌లుక్ సంతకాలను విండోస్‌లోని యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, సిగ్నేచర్స్ ఫోల్డర్‌లో దాస్తుంది. ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే మళ్లీ మొదటి నుంచి రాయనక్కర్లేదు.

తెలుగులో పెట్టాలంటే

తెలుగు సంతకం పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు, కానీ యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. మన డీటీపీ షాపుల్లో విజిటింగ్ కార్డులు, కరపత్రాలు ఎక్కువగా అను ఫాంట్లలో చేస్తారు. ఆ ఫైల్ నుంచి పేరు కాపీ చేసి సంతకంలో పేస్ట్ చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. మీ కంప్యూటర్‌లో ఫాంటు ఉంది కాబట్టి మీకు బాగానే కనపడొచ్చు. అందుకే ఈ తేడా పంపినవాళ్లకు తెలియదు.

విండోస్ 10కి 2019 మేలో వచ్చిన అప్‌డేట్‌తో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ చేరింది. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకుని, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డ్ మారుతుంది. అది కుదరకపోతే ఫోన్‌లో టైప్ చేసి మీకు మీరే మెయిల్ చేసుకుని, అక్కడి నుంచి కాపీ చేయండి. సంతకాన్ని నోట్‌ప్యాడ్ ఫైల్‌లో దాచుకుంటే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఫ్యాన్సీ ఫాంటు కోసం తంటాలు పడొద్దు. మెయిల్‌తో పాటు ఫాంటు వెళ్లదు. అవతలి కంప్యూటర్‌లో విండోస్ ఉంటే అందులో ఉన్న తెలుగు ఫాంటులో కనిపిస్తుంది, అంతే.

లోగో: అందం కన్నా బరువు చూడండి

సంతకంలో పెట్టిన బొమ్మ ప్రతి మెయిల్‌తోనూ ప్రయాణిస్తుంది. పైగా బొమ్మలను మెయిల్‌లో పంపడానికి వాడే బేస్64 పద్ధతిలో సైజు మూడో వంతు పెరుగుతుంది. 300 కేబీ లోగో 400 కేబీ అవుతుంది. రోజుకి 40 మెయిళ్లు పంపే ఆఫీసు ఒక్క లోగో కోసమే 16 ఎంబీ పంపుతోందన్నమాట. నెలకి 25 పనిదినాలనుకుంటే 400 ఎంబీ. అవి మీ సెంట్ ఫోల్డర్‌లోనూ ఉంటాయి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచి అవీ తింటాయి.

లోగో వెడల్పు 200 పిక్సెల్స్, సైజు 20 కేబీ లోపు ఉంటే చాలు. ఫోన్ నంబర్, అడ్రస్ మాత్రం బొమ్మలో పెట్టకండి. బొమ్మ కనపడకపోతే నంబర్ కూడా పోయినట్టే. బొమ్మలోని నంబర్‌ని మామూలుగా కాపీ చేయలేం, మెయిల్ సెర్చ్‌లోనూ దొరకదు.

ఇంతకీ ఏం రాయాలి?

1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రం సంతకం నాలుగు లైన్లు దాటకూడదంది. ఇప్పటికీ అది మంచి కొలతే. నేను సూచించేది ఇది:

మొదటి లైన్: పేరు, హోదా.
రెండో లైన్: సంస్థ లేదా షాపు పేరు.
మూడో లైన్: ఊరు, మండలం, జిల్లా, పిన్ కోడ్.
నాలుగో లైన్: ఫోన్ నంబర్, ముందు ప్లస్ 91తో.

మూడో లైన్ దగ్గర జాగ్రత్త. ధర్మవరం షాపు అయితే జిల్లా శ్రీ సత్యసాయి. గుంతకల్లు, తాడిపత్రి, కళ్యాణదుర్గం అయితే అనంతపురమే. ఈ విభజనతో పిన్ కోడ్‌లు మారలేదు, రెండు జిల్లాల్లోనూ 515తోనే మొదలవుతాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇంకో తలనొప్పి: అనంతపురం పేరుకి వాడుకలో రెండు మూడు స్పెల్లింగులున్నాయి. టీ తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, మానేసేవాళ్లున్నారు, చివర 'ము' చేర్చేవాళ్లున్నారు. ఆఫీసు మొత్తానికి ఒకటే స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి. ఎవరైనా మీ పాత మెయిల్ సెర్చ్ చేసినప్పుడు దొరకాలి కదా.

బ్యాంక్ అకౌంట్ నంబర్, ఆధార్, పాన్ సంతకంలో పెట్టకండి. మీ మెయిల్‌ని ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేస్తారో మీ చేతిలో ఉండదు.

ఒకే మెయిల్, ఇద్దరు ముగ్గురు వాడితే

చిన్న ఆఫీసుల్లో ఒకటే మెయిల్ ఐడీని సెక్రటరీ గారు, అకౌంటెంట్, ఫీల్డ్ చూసే అబ్బాయి ముగ్గురూ వాడతారు. థండర్‌బర్డ్‌లో దీనికి 'మేనేజ్ ఐడెంటిటీస్' ఉంది. ఒకే అడ్రస్ మీద ముగ్గురికి మూడు ఐడెంటిటీలు, ఒక్కొక్కదానికి ఒక సంతకం. మెయిల్ రాసేటప్పుడు 'ఫ్రమ్' దగ్గర పేరు మారిస్తే సంతకమూ మారుతుంది.

నాలుగైదు కంప్యూటర్లుంటే సంతకాన్ని టైప్ చేయకుండా ఫైల్ నుంచి తీసుకునే ఆప్షన్ వాడండి. ఆ ఫైల్‌ని ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే, నంబర్ మారినప్పుడు ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

అన్నీ అయ్యాక ఒక టెస్ట్ మెయిల్ పంపి, ఫోన్‌లో తెరవండి. తెలుగు సరిగ్గా వచ్చిందా, డార్క్ మోడ్‌లో లోగో కనపడుతోందా చూడండి. ఫోన్ నంబర్ మీద నొక్కి కాల్ వెళ్తుందో లేదో కూడా చూడండి. తర్వాత ఏడాదికోసారి, లెక్కలు ముగించే మార్చిలోనో, ఖరీఫ్ పనులు మొదలయ్యే ముందో, సంతకం ఒకసారి చదువుకోండి. వెళ్లిపోయిన మేనేజర్ పేరు, మానేసిన ల్యాండ్‌లైన్, పాత జిల్లా ఏమైనా మిగిలి ఉంటే అప్పుడే దొరుకుతాయి.