చిన్న బడిలో పాత సారు విలువ

హుజూర్‌నగర్ లాంటి ఊళ్లో చిన్న ప్రైవేటు బడి అంటే చాలా చోట్ల తరగతికి ఒకటే సెక్షన్, సబ్జెక్టుకు ఒకరే టీచరు. ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పేది ఒక్క సారే. ఆయన విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తే ఐదు తరగతుల లెక్కలు ఒకేసారి ఆగిపోతాయి. పెద్ద కార్పొరేటు బడిలో పక్క సెక్షన్ టీచరు సర్దుకుంటారు. చిన్న బడికి ఆ వీలుండదు. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు నిలిచిన టీచరే అలాంటి బడికి అసలైన ఆస్తి.

ఆ విలువ మొదట పాఠం దగ్గర కనిపిస్తుంది. పదో తరగతిలో బీజగణితం దగ్గర తడబడే అమ్మాయికి భిన్నాలే సరిగా రాలేదని, ఆరో తరగతిలోనూ తానే చెప్పిన సారుకు వెంటనే తెలుస్తుంది. కొత్తగా వచ్చినవారికి అది తెలిసేసరికి అర్ధ సంవత్సర పరీక్షలు దాటిపోతాయి. రెండోది ఊరి ఎరుక. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు డబ్బు చేతికొచ్చేది వడ్లు అమ్మాకే. ఫీజు ఆలస్యమైన పిల్లవాణ్ణి తరగతిలో నిలబెట్టకుండా, వాళ్ల నాన్నతో విడిగా మాట్లాడాలని పాత టీచరుకు తెలుసు. మూడోది, కొత్త టీచర్లకు పని నేర్పేది కూడా వీళ్లే.

దీన్ని పరిశోధన కూడా బలపరిచింది. న్యూయార్క్ నగరంలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల ఎనిమిదేళ్ల ఫలితాలను రాన్‌ఫెల్ట్, లోబ్, వైకాఫ్ పరిశీలించి 2013లో ప్రచురించారు. టీచర్లు ఎక్కువగా మారిన చోట ఇంగ్లిష్, గణితం మార్కులు తగ్గాయి. తమ టీచరు మారని పిల్లలకు కూడా ఎంతో కొంత నష్టం జరిగింది. అంటే ఒకరు వెళ్లిపోతే దెబ్బ తగిలేది బడి మొత్తానికి.

ఒకచోట నిలిచి చేసిన పని ఎంత దూరం పోతుందో చెప్పడానికి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే ఈ బడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర పని మొదలుపెట్టారు. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేలా పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏళ్ల తరబడి పల్లె పిల్లల మధ్య వాడి చూసి, దిద్దుకుంటూ పోయారు. కర్ణాటకలో 1995లో మొదలైన నలి-కలికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు ఈ పద్ధతే ప్రేరణ. ఏడాదికో చేయి మారితే ఇలాంటి పని పండదు. అలాగని ఏళ్లు గడిస్తే చాలదు. వాళ్లు ఏటా తమ పనిని సరిదిద్దుకున్నారు కాబట్టే అది నిలిచింది.

మరి టీచర్లు ఎందుకు వెళ్లిపోతారు? జీతం చాలదు, భద్రత లేదు. బీఎడ్ చేసిన చాలామందికి ప్రైవేటు బడి డీఎస్సీ వచ్చేదాకా మజిలీ. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులతో వచ్చింది. సర్కారు కొలువు వస్తే వెళ్లడం న్యాయమే. కరోనా కాలంలో బడులు మూతపడి ఎందరో జీతం లేకుండా మిగిలారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది.

టీచర్లను నిలబెట్టుకునే దారి నిబంధనల్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం ఫీజుల ఆదాయంలో సగం జీతాలకు, మరో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా వంటి వాటికి పోవాలి. గ్రాట్యుటీ చట్టం టీచర్లకు వర్తించదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను చేర్చింది. ప్రైవేటు బడులు సవాలు చేసినా 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. లెక్క ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం, నెలకు 26 పని దినాల చొప్పున. చివరి జీతం 13,000 ఉన్న టీచరుకు ఇరవై ఏళ్లకు లక్షా యాభై వేలు వస్తుంది.

ఇరవై ఏళ్ల సేవకు అది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఆ హక్కు దక్కి, జీతం నెలనెలా సమయానికి అంది, సిలబస్, పరీక్షల నిర్ణయాల్లో తన మాటకు చోటుంటే మంచి టీచరు నిలుస్తారు. తల్లిదండ్రులు కూడా బడి ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసే ముందు, ఇక్కడి సార్లు ఎన్నేళ్లుగా ఉన్నారని అడగాలి. ఆ జవాబులోనే బడి ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.