చక్కెర గురుతును చదువు మాంసకృత్తు

గోపన్‌పల్లి నుండి గచ్చిబౌలి వైపు పోవువారికి అద్దాల మేడల నడుమ బండరాళ్ళు, తుప్పలు నిండిన ఒక విశాలమైన ప్రాంగణము కనబడును. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము అదియే. అందలి జీవరసాయన శాస్త్ర శాఖలో ఆచార్య నడింపల్లి శివకుమార్ గారును, వారి శిష్యులును చాల యేండ్లు ఒకే మాంసకృత్తును వెదకుచు పనిచేసిరి. మేక, కోడి, చేప, మన కంచెలమీద తల ఆడించు తొండ, మంచినీటి ఆల్చిప్ప, సముద్రములోని నక్షత్ర చేప - వీటన్నిటిలోను దాని కొరకు గాలించిరి. ఆ మాంసకృత్తు మన శరీరమునందును కలదు. దాని పేరు మానోజ్-6-ఫాస్ఫేట్ గ్రాహకము. పేరు పొడవైనదే గాని, అది చేయు పని చెప్పుట కష్టము కాదు. ఒకానొక చక్కెర గురుతు గల సరకును పట్టుకొని, కణములో చేరవలసిన చోటికి చేర్చుటయే దాని పని.

ఆ సరకు ఎట్టిది? ప్రతి జీవకణములోను పాతబడిన పదార్థములను విరుగగొట్టి తిరిగి వాడుకొనుటకు చిన్న చిన్న సంచులు ఉన్నవి. 1955లో క్రిస్టియన్ డి డూవ్ అను శాస్త్రజ్ఞుడు వీటికి లైసోజోములని పేరు పెట్టెను. ఆయనకు 1974లో నోబెల్ బహుమానము లభించినది. ఈ సంచులలో సుమారు 60 రకముల ఎంజైములు ఉండును. ఇవి లైసోజోములలో తయారగునవి కావు. కణములో వేరొక చోట తయారై, గాల్గీ సముదాయమను మజిలీకి వచ్చును. అక్కడికి కణము వెలుపలికి పోవలసిన మాంసకృత్తులును వచ్చుచుండును. ఏది లోపలి సంచికి పోవలెనో, ఏది బయటకు పోవలెనో తేల్చునదెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము దొరికిన విధము విద్యార్థులు శ్రద్ధగా చదువదగినది. హర్లర్ వ్యాధి, హంటర్ వ్యాధి అని శిశువులకు వచ్చు రెండు వ్యాధులు కలవు. రెంటిలోను కొన్ని పదార్థములు విరుగక లైసోజోములలో పేరుకొనిపోవును. 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఈ రెండు వ్యాధులు గల రోగుల చర్మ కణములను ఒకే పాత్రలో కలిపి పెంచిరి. చిత్రమేమనగా రెండు రకముల కణములును బాగుపడినవి! ఒకదానిలో లేని ఎంజైమును ఇంకొకటి బయటకు విడువగా, మొదటిది పీల్చుకొనినది. కావున కణములకు బయటి ఎంజైమును లోపలికి తీసికొను శక్తి కలదని తేలినది.

తరువాత ఐ-సెల్ వ్యాధి అను వేరొక జబ్బు వారి దృష్టికి వచ్చినది. ఇందులో లోపించినది ఒక్క ఎంజైము కాదు. అనేక ఎంజైములు లైసోజోములలో ఉండవలసినంత లేక, రోగి రక్తములో మితిమీరి ఉన్నవి. 1972లో హిక్మన్, న్యూఫెల్డ్‌లు ఒక సంగతి కనుగొనిరి. ఐ-సెల్ కణములు మంచి కణముల ఎంజైమును పీల్చుకొనగలవు. కాని ఐ-సెల్ కణములు విడిచిన ఎంజైమును మంచి కణములు ముట్టవు. పుచ్చుకొను చేతిలో లోపము లేదు. లోపము మూటలో ఉన్నది. అనగా మూటపై చిరునామా లేదు.

ఆ చిరునామా ఏమిటో 1977లో విలియం స్లై బృందము తేల్చినది. ఎంజైముతో పాటు మానోజ్-6-ఫాస్ఫేట్ అను చిన్న అణువును కణముల చుట్టు ద్రవములో కలిపినచో, ఎంజైము లోపలికి పోవుట ఆగిపోయినది. ఒక కుర్చీలో ముందే ఒకరు కూర్చుండగా రెండవవారికి చోటు ఉండదు గదా! ఐ-సెల్ వ్యాధిలో ఈ ఫాస్ఫేటును తగిలించు ఎంజైమే లోపించినదని 1981లో స్పష్టమయ్యెను. ఫాస్ఫేటు అనగానే, దానిని కొలుచుటకు 1925లో ఫిస్కేతో కలిసి ఒక పద్ధతిని ఇచ్చిన మన భీమవరపు యల్లాప్రగడ సుబ్బారావు గారు తలపునకు రాక మానరు.

ఇక గ్రాహకము నిర్మాణము చూతము. మన శరీరములో ఇవి రెండు. ఒకదాని అణుభారము సుమారు 46 వేలు, రెండవదానిది సుమారు 3 లక్షలు. చిన్నది ఎప్పుడును జంటగా ఉండును. పెద్దది ఒకే నమూనాలో మడతపడిన 15 భాగములు వరుసగా కూర్చిన దండ వంటిది. 1998లో ఆవు రకపు చిన్న గ్రాహకపు స్ఫటికములపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి దాని రూపమును కనుగొనిరి. తొమ్మిది పోగులు రెండు పొరలుగా ఒకదానిపై ఒకటి అడ్డముగా చేరి, నొక్కిన పీపా వలె ఉండును. దానిలో ఒక గుంట. ఆ గుంటలో గ్లుటమిన్, ఆర్జినిన్, గ్లుటమిక్ ఆమ్లము, టైరోసిన్ అను నాలుగు అమైనో ఆమ్లములు చక్కెరలోని హైడ్రాక్సిల్ సముదాయములను పట్టుకొనును.

గ్లూకోజునకును మానోజునకును అణు సూత్రము ఒకటియే. రెండవ కర్బన పరమాణువు వద్ద హైడ్రాక్సిల్ తిరిగియున్న దిక్కు మాత్రము వేరు. ఆ ఒక్క భేదమును గ్రాహకము గుర్తించును. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కణములో ఎంత ఉన్నను దానిని దాదాపు లెక్కచేయదు. ఉపాధ్యాయులు ఈ రెండు చక్కెరల నమూనాలను బంకమట్టి ఉండలతోను, పుల్లలతోను చేసి చూపినచో, సదృశాణువులను గూర్చిన పాఠము పిల్లలకు వేరుగా చెప్ప నక్కరలేదు.

పట్టుకొనుట సగము పని. సరకు దించుట మిగిలిన సగము. గాల్గీలో ఉదజని అయానుల సూచి, అనగా పి.హెచ్., సుమారు 6.5 ఉండును, అక్కడ పట్టు గట్టిగా ఉండును. ముందుకు పోయిన కొలది ద్రవము పులుపెక్కి సూచి 6కు దిగువకు దిగును. అప్పుడు గుంటలోని అమైనో ఆమ్లముల విద్యుదావేశములు మారి పట్టు సడలిపోవును. ఎంజైము 5కు దిగువ సూచి గల లైసోజోమునకు పోవును. గ్రాహకము, బస్తా దించిన హమాలీ వలె, వట్టి చేతులతో గాల్గీకి మరలి వచ్చును. సూచిలో ఒక్క అంకె తగ్గిన ఉదజని అయానులు పది రెట్లు పెరుగునని మనము తరగతిలో చెప్పుచుందుము. ఆ లెక్క కణములో ఇంత పని చేయుచున్నది.

పెద్ద గ్రాహకమునకు ఇంకొక ఉద్యోగము కూడ ఉన్నది. దాని 11వ భాగము చక్కెరను కాక, ఇన్సులిన్ వంటి రెండవ వృద్ధి కారకమును పట్టి, నాశనమునకు పంపును. ఎలుకలలో ఈ గ్రాహకము లేనిచో పిల్లలు అతిగా పెరిగి, పుట్టుక సమయమునకు చనిపోవును. కోడిలోని గ్రాహకము చక్కెర గురుతును పట్టును గాని, వృద్ధి కారకమును పట్టదు. కనుక ఈ రెండవ ఉద్యోగము క్షీరదములకే చెందినదని చాల కాలము తలచిరి. తొండ గ్రాహకము కూడ దానిని పట్టునని శివకుమార్ గారి బృందము 2009లో ప్రకటించినది. ఆల్చిప్పలలోను, నక్షత్ర చేపలలోను ఇట్టి గ్రాహకములు ఉన్నవని వారు చూపుటచే, ఈ చక్కెర చిరునామా వెన్నెముక పుట్టుకకు పూర్వపుదని తెలియుచున్నది. జర్మనీలో ఇదే విషయముపై పనిచేసిన కర్ట్ ఫాన్ ఫిగురాతో కూడ వారు కలిసి పనిచేసిరి.

ఇది ప్రయోగశాలతో ముగియు సంగతి కాదు. లైసోజోము వ్యాధులలో అధికము తల్లినుండియు తండ్రినుండియు లోపము గల జన్యువు వచ్చినపుడే కలుగును. మేనమామ, మేనకోడలు పెండ్లాడినపుడు, శిశువులో ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వీకుని నుండి వచ్చు అవకాశము 8లో 1 వంతు. మేనబావ, మరదళ్ళకు 16లో 1 వంతు. మన వైపు మేనరికము ఎంత వాడుకయో వేరుగా చెప్పవలయునా? దంపతులిద్దరును ఒకే లోపమును మోయువారైనచో, ప్రతి కానుపులోను బిడ్డకు జబ్బు వచ్చు అవకాశము 4లో 1 వంతు.

కొన్నింటికి మందు కలదు. పాంపే వ్యాధిలో లోపించిన ఎంజైమును తయారుచేసి నరములోనికి ఎక్కించు చికిత్స 2006లో అనుమతి పొందినది. ఆ ఎంజైమును కండరములోనికి తీసికొనునది కణపు పైపొరమీద ఉండు పెద్ద గ్రాహకమే. చక్కెర గురుతులు తక్కువైనచో మందు వృథా యగును. అందుచేత, ఆ గురుతులు సుమారు 15 రెట్లు హెచ్చుగా గల ఎంజైము 2021లో వచ్చినది. మోతాదు శరీరపు బరువును బట్టి, జీవితాంతము. బిడ్డ పెరిగిన కొలది ఖర్చు పెరుగును. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద ఒక రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయము ఏర్పరచిరి. ఆ విధానములో గుర్తింపు పొందిన కేంద్రములలో హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఒకటి. ఈ చికిత్స ఏండ్ల తరబడి సాగవలసినదని తలచిన, ఆ మొత్తము ఎంత త్వరగా తరిగిపోవునో తల్లిదండ్రులకు తెలియును.

మెదడును మాత్రము ఈ మందు చేరజాలదు. రక్తమునకును మెదడునకును నడుమ గల అడ్డుకట్ట అంత పెద్ద అణువును దాటనీయదు. 2021లో జపాను దేశము హంటర్ వ్యాధికి అనుమతించిన ఒక కొత్త మందులో, ఎంజైమును ఒక ప్రతిరక్షకమునకు అతికించిరి. అది ఇనుమును మోయు మాంసకృత్తు కొరకు ఏర్పడిన గ్రాహకమును పట్టుకొని అడ్డుకట్ట దాటును. దాటిన పిమ్మట మెదడు కణములోనికి పోవుటకు దానికి పనికివచ్చునది మరల ఆ మానోజ్-6-ఫాస్ఫేట్ గురుతే.